రేపు చేయబోయే పనికి పదేళ్ల తరుగుదల ఏమిటి?

వడగళ్లకు రూఫ్ దెబ్బతింటే ఇన్సూరెన్స్ కంపెనీ లేబర్‌కి, అంటే కూలికి కూడా డిప్రిసియేషన్ (పాతబడిందని తగ్గించే తరుగు) కోసిందని, ఇప్పుడు క్లాస్ యాక్షన్ (ఒకేలా నష్టపోయిన అందరి తరఫునా వేసే ఒకే కేసు) నోటీసు వచ్చిందని, అందులో ఉండాలా తప్పుకోవాలా అని అడిగారు. ఉండండి. మూడు నాలుగు వేల డాలర్ల కోసం మీరొక్కరే లాయర్‌ని పెట్టుకుంటే ఆ డబ్బు ఫీజుకే చాలదు.

మేముండేది టెన్నెసీలో, నాష్‌విల్ దగ్గర. మాకూ ఇదే జరిగింది. అడ్జస్టర్ (నష్టం లెక్కగట్టే కంపెనీ మనిషి) పంపిన ఎస్టిమేట్‌ని నేనూ మా ఆవిడా డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని ఒక్కో లైనూ చదివాం. కొత్త రూఫ్‌కి 14,000 డాలర్లు. షింగిల్స్ (పైకప్పు మీద పరిచే పలకలు) ఆయుష్షు 20 ఏళ్లు, 10 నిండాయి కాబట్టి సగం తరుగు. షింగిల్స్ ఎండకి ఎండి వానకి నాని పాతబడ్డాయి, ఒప్పుకుంటాను. కానీ అందులో 8,000 కూలే! దాంట్లోనూ సగం కోశారు. పాత షింగిల్స్ పీకి పారేసే పనికి కూడా తరుగు వేశారు. రేపు నిచ్చెన ఎక్కబోయే మనిషి కూలి ఎలా పాతబడుతుంది? 7,000 తరుగు, 4,000 డిడక్టిబుల్ (నష్టంలో మేమే భరించాల్సిన వాటా) పోగా వచ్చిన చెక్కు 3,000. కూలిని ముట్టుకోకపోతే 7,000 వచ్చేది.

ఆ డిడక్టిబుల్ ఇంకో బాధ. మా పాలసీలో వడగళ్లకి 1 శాతం. నష్టంలో కాదు, ఇంటి బీమా మొత్తంలో. 4 లక్షల ఇంటికి ఎంతవుతుందో అమ్మేటప్పుడు ఏ ఏజెంటూ లెక్క కట్టి చెప్పడు.

పని పూర్తిచేసి బిల్లులు పంపితే కోసింది తిరిగిస్తామంటారు, గడువులోపల. కానీ అడ్వాన్స్ ఇవ్వందే రూఫర్ రాడు. చేతిలో డబ్బు లేనివాళ్లు టార్పాలిన్ కప్పుకుని ఉండిపోతారు, గడువు దాటిపోతుంది, ఆ డబ్బు కంపెనీకే మిగులుతుంది.

పాలసీలో స్పష్టంగా రాయనప్పుడు కూలికి తరుగు కోయకూడదని 2019లో టెన్నెసీ సుప్రీం కోర్టు తేల్చింది. కాలిఫోర్నియాలో నిబంధనలే ఒప్పుకోవు. ఓక్లహోమా కోర్టు 2002లో, నెబ్రాస్కా కోర్టు 2017లో కోయొచ్చన్నాయి. నా దృష్టిలో అవి తప్పుడు తీర్పులే, కానీ మీ రాష్ట్రంలో ఏది నడుస్తుందో చూసుకోండి.

ఈ ఎస్టిమేట్లు చాలావరకు ఎగ్జాక్టిమేట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారవుతాయి. కూలికీ తరుగు వేయాలా అన్నది అందులో ఒక టిక్కు. ఆ ఒక్క టిక్కు వల్ల ఎంతోమంది చెక్కులు ఒకేలా తగ్గాయి కాబట్టే అందరి తరఫునా ఒకే కేసు వేయడం న్యాయం.

ఈ కేసుల తర్వాత చాలా కంపెనీలు డిప్రిసియేషన్‌లో లేబర్ కూడా కలుస్తుందని పాలసీలోనే చేర్చేశాయి. రెన్యూవల్‌తో వచ్చే ఆ సవరణల కాగితాలు విప్పి చూడండి. లేబర్ అన్న మాట కనిపిస్తే, ఆ షరతు లేని పాలసీ ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడే వెతుక్కోండి.