అసిట్రోమ్ మొదలయ్యాక కూడా హెపారిన్ ఎందుకు? ప్రోటీన్ సి తక్కువ వస్తే వంశపారంపర్యమేనా?

నాన్నగారికి కాలి సిరలో రక్తం గడ్డకట్టిందని, రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ మాత్ర మొదలుపెట్టాక కూడా, అదే పని చేసే హెపారిన్ ఇంజెక్షన్లు పొట్టమీద ఇస్తున్నారని, పైగా ప్రోటీన్ సి తక్కువని రిపోర్టు వచ్చిందని రాశారు. దయచేసి ఇంజెక్షన్లు ఆపించకండి. మీ రెండు ప్రశ్నలకీ కారణం ఒకటే.

మా అమ్మకీ ఇదే జబ్బు చేసింది. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, వైద్యం కాకినాడలో చేయించాం. బొడ్డు చుట్టూ సూది పడ్డ చోటల్లా నీలంగా కమిలిపోయింది. "మాత్ర మింగుతున్నాను కదరా, ఇంకా ఈ పొడుపులెందుకు?" అని ఏడ్చేది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పారు.

రక్తాన్ని గడ్డకట్టించే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు లివర్లో సరిగ్గా తయారవ్వాలంటే విటమిన్ కె ఉండాలి. అసిట్రోమ్, అదే రకం మందైన వార్ఫరిన్ ఆ విటమిన్ మళ్ళీ వాడకంలోకి రాకుండా అడ్డుకుంటాయి. చిక్కేమిటంటే, గడ్డకట్టడం హద్దు దాటకుండా చూసే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్‌లకీ అదే విటమిన్ కావాలి. ప్రోటీన్ సి సుమారు 8 గంటల్లోనే సగానికి పడిపోతుంది. 2వ ఫ్యాక్టర్ సగమవడానికి 60 గంటలు, ఆపైన పడుతుంది. అంటే మొదటి రోజుల్లో ఒంట్లోని బ్రేకే ముందు తగ్గుతుంది. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే పరీక్ష, మాత్ర పనిచేస్తే పెరుగుతుంది) పెరిగినట్టు కనిపించినా అది ఎక్కువగా 7వ ఫ్యాక్టర్ తగ్గినందువల్లే. ఆ మొదటి రోజుల్లో కాపాడేది హెపారిన్. గడ్డకట్టడాన్ని అడ్డుకునే, మన రక్తంలోనే ఉండే యాంటీత్రాంబిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని, దాని పనిని ఎన్నో రెట్లు వేగంగా చేయిస్తుంది. అందుకే కనీసం 5 రోజులపాటు, ఐఎన్ఆర్ 2 దాటి ఒక రోజు నిలిచేదాకా రెండూ కలిపి ఇస్తారండి.

ఇక రిపోర్టు సంగతి. మాత్ర వేసుకుంటుండగా రక్తం తీస్తే ప్రోటీన్ సి, ఎస్ తక్కువే వస్తాయి, మందు చేసే పనే అది. కొత్తగా గడ్డకట్టినప్పుడు కూడా తగ్గొచ్చు. అమ్మకీ ఇలాగే తక్కువని వచ్చింది. మా ఇంట్లో అప్పుడు చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. "వంశపారంపర్యం" అన్న మాట వినగానే అమ్మ తిండి మానేసింది. కోర్సు పూర్తయి, డాక్టరుగారు మాత్ర ఆపించి, కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయిస్తే నార్మల్ వచ్చింది. నాన్నగారికీ ఈ పరీక్ష ఎప్పుడు చేయాలో ఆయన డాక్టరునే అడగండి. పరీక్ష కోసమని మీరే మాత్ర ఆపొద్దు.

గోంగూర, తోటకూర పూర్తిగా మానక్కర్లేదు, రోజూ తినే పాళ్ళలోనే తిననివ్వండి. ఆషాఢం వచ్చిందని ఒక్కసారిగా మునగాకు కూర కుమ్మరించకండి, ఐఎన్ఆర్ పడిపోతుంది.

మొదటి వారంలో తొడ మీదో, పిరుదుల మీదో, పొట్ట మీదో చర్మం విపరీతంగా నొప్పెట్టి ఎర్రబడి నల్లబడుతుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రోటీన్ సి నిజంగానే తక్కువున్న వాళ్ళలో అరుదుగా ఇలా జరుగుతుంది.