‘నాయన’ అనడం తప్పా?

సందేహం: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఐదో తరగతి చదివే మా పిల్లవాడు తన కుటుంబం గురించి వ్యాసం రాస్తూ “మా నాయన తెల్లారకముందే చేనికి పోతాడు” అన్నాడు. బడిలో దాన్ని కొట్టివేసి “మా నాన్నగారు తెల్లవారకముందే పొలానికి వెళతారు” అని దిద్దినారు. ‘నాయన’ అనేది చదువులేనివాళ్ళ మాటా? అందులో మర్యాద లేదా?

సమాధానం: మీ పిల్లవాడి వాక్యంలో దిద్దవలసిన తప్పు ఒక్కటీ లేదు. తండ్రిని ‘నాయన’ అని పిలవడం కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లోనే కాక చిత్తూరు, నెల్లూరు సీమల్లో కూడా తరతరాలుగా ఉన్న వాడుక. కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 1852లో అచ్చయిన తన నిఘంటువులో ఈ మాటకు తండ్రి అనే అర్థమే ఇచ్చాడు. ఇంట్లో ‘నాన్న’ అనేవారూ ‘డాడీ’ అనేవారూ కూడా ఆపద వచ్చినా ఆశ్చర్యం కలిగినా “ఓరి నాయనో” అనే అంటారు గనుక, ఇది ఒక్క సీమకే చెందిన మాట అని కూడా అనలేము.

మరి ‘నాన్న’ ఒప్పు, ‘నాయన’ తప్పు అనే భావన ఎక్కడిది? భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి పరిశోధన తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మాండలికాలుగా నాలుగు భాగాలు చేసింది. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల భాష దక్షిణ మాండలికం; కృష్ణా, గోదావరి ప్రాంతాల భాష మధ్య మాండలికం. పత్రికలకూ పాఠ్యపుస్తకాలకూ ఆధారమైన శిష్టవ్యావహారికం ప్రధానంగా ఈ మధ్య మాండలికంలోని చదువుకున్నవారి వాడుక నుంచి రూపొందింది కాబట్టి, ఆ ఇళ్ళలోని ‘నాన్న’ పుస్తకంలోకి ఎక్కింది, మన ఇళ్ళలోని ‘నాయన’ బయట ఉండిపోయింది. పుస్తకంలో లేని మాటను పల్లె మాటగా, పల్లె మాటను తక్కువ మాటగా లెక్కగట్టడం ఆ తరువాత జరిగిన అన్యాయం. ఆ లెక్క మాటకు సంబంధించినది కాదు, మాట్లాడే మనిషి అంతస్తుకు సంబంధించినది. సేద్యం చేసే ఇంట పుట్టి ఉద్యోగం సంపాదించి పట్నం చేరినవారు తమ పిల్లలచేత ‘నాన్న’ అనిపించుకున్నారు. ఆ పిల్లలు ఇంగ్లీషు మీడియం చదువులు చదివి తమ పిల్లలకు ‘డాడీ’లయ్యారు. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా కింది మెట్టు మీది పిలుపు నాటుగా తోచింది.

సీమ అంతటా ఒకే పిలుపు ఉన్నదనీ కాదు. 1882 వరకు అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. 1953లో బళ్ళారి మైసూరు వైపు పోయినా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోనే ఉన్నాయి. ఆ పడమటి ఊళ్ళలో కన్నడంతో కలిసి బతికే కుటుంబాల్లో తండ్రి ‘అప్ప’. నాగప్ప, హనుమంతప్ప వంటి పేర్ల చివర గౌరవంగా నిలిచినదీ ఆ ‘అప్ప’యే. కర్నూలు, కడప ముస్లిముల ఇళ్ళలో ‘అబ్బా’ అంటే తండ్రి, పక్కనే ఉన్న రైతు ఇంట్లో ‘అబ్బ’ అంటే తాత. రెండిళ్ళ పిల్లలూ ఒకే వీధిలో ఆడుకుంటూ ఏనాడూ తికమక పడరు. ఉమ్మడి కుటుంబాల్లో చిన్నాయనలు పిలిచే పిలుపే విని, తండ్రిని ‘అన్నా’ అని పిలుస్తూ పెరిగిన పిల్లలూ ఉన్నారు.

ఇక మర్యాద సంగతి. ‘పోతాడు’ అనే ఏకవచన క్రియ అగౌరవమని దిద్దినవారు భావించి ఉంటారు. మన పల్లెల్లో తండ్రిని గురించి “వచ్చినాడు”, “తింటాడు” అనడం చనువు చేత వచ్చిన వాడుక. “మీరు”, “గారు” అనేవి బయటివారికీ అధికారులకూ పెట్టిన దూరం. ‘నాన్నగారు వచ్చారు’ అనే ఇళ్ళలో కూడా తల్లి విషయానికి వచ్చేసరికి ‘అమ్మ వచ్చింది’ అనే అంటారు. అమ్మకు ఏకవచనం అగౌరవం కానప్పుడు నాయనకు మాత్రం ఎందుకు అవుతుంది?

పిలుపు మారితే దానితో అల్లుకున్న వరసలు కూడా కదులుతాయని నా ఆందోళన. పెద్దనాయన, చిన్నాయన అన్న మాటల్లో తండ్రి పిలుపే ఉన్నది గనుక, వారి పిల్లలు తనకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అవుతారని ఎవరూ చెప్పకుండానే బిడ్డకు తెలుస్తుంది; మేనమామ పిల్లల వరస వేరని ‘మామ’ అనే మాటే చెబుతుంది. ‘అంకుల్’ వచ్చి చిన్నాయననూ మామనూ ఒక్కటి చేసినప్పుడు ఆ తేడా పిలుపులో నుంచి పోతుంది.

వాడుక విషయంలో నా సూచన ఇది. దరఖాస్తులో, శుభలేఖలో ‘తండ్రి’ అని రాయాలి. అది పిలుపు కాదు, సంబంధాన్ని తెలిపే మాట, అన్ని ప్రాంతాలకూ ఒకటే. పాఠంలో ఉన్న ‘నాన్న’ను కూడా పిల్లవాడు నేర్చుకోవాలి, పరీక్షలో అవసరమైన చోట రాయాలి. తన ఇంటి గురించి రాసే వ్యాసంలో మాత్రం తాను పిలిచే పిలుపే సరైనది. దాన్ని ఎర్రసిరాతో కొట్టివేస్తే, తన తండ్రిని పిలవడమే తప్పని పదేళ్ళ బిడ్డ అనుకుంటాడు. ఆ మాట ఉపాధ్యాయులకు మీరే స్వయంగా, నెమ్మదిగా చెప్పండి. ‘చేను’ను ‘పొలం’గా మార్చడం కూడా అనవసరమే: సీమలో చేనంటే వానమీద ఆధారపడిన మెట్టభూమి, నీళ్ళు పారేది మడి. మీ భూమి ఏదో పిల్లవాడికి తెలుసు కనుకనే ‘చేను’ అని రాశాడు.