బెర్లిన్ వెళ్తున్న మా మనవరాలికి

చిట్టితల్లీ,

మాంచెస్టర్ నుంచి తాతయ్య ఆశీస్సులు. ఏప్రిల్‌లో బెర్లిన్ వెళ్తున్నావనీ, నాజీలు చంపేసిన నానమ్మ వాళ్ల అమ్మానాన్నల గుర్తుగా, వాళ్ల పేర్లు చెక్కిన ఇత్తడి రాళ్లు వాళ్ల ఇంటి ముందు నేలలో వేయిస్తావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషమో బెంగో గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తిట్టాల్సినవి ముందు తిట్టేస్తాను.

అప్పుడే టికెట్ ఎందుకు కొన్నావు? ఆ రాళ్లు మనం అనుకున్న రోజున వెయ్యరు. గుంటర్ డెమ్నిగ్ అనే జర్మన్ కళాకారుడు 1992లో మొదలుపెట్టిన పని, 2023కే రాళ్లు లక్ష దాటాయి. పది సెంటీమీటర్ల పలక మీద ఒక్కో అక్షరం చేత్తో కొడతారు. దరఖాస్తు పెట్టాక మన వంతు రావడానికి ఏళ్లు పట్టొచ్చు. ఈసారికి వీధి చూసి, కాగితాలు చూసుకుని రా.

ఇంకోటి. నువ్వు పంపిన నమూనాలో నానమ్మ వాళ్ల అమ్మ పేరు మధ్యలో 'సారా' అని ఉంది. తీసెయ్. అది ఆవిడ పేరు కాదు. పేరు చూడగానే యూదులని తెలియాలని, 1939 జనవరి నుంచి ఆడవాళ్లకు సారా, మగవాళ్లకు ఇస్రాయేల్ అని తగిలించారు నాజీలు. అందుకే సర్కారు కాగితాల్లో అలా ఉంటుంది. వాళ్లు అంటించిన పేరుని మన డబ్బుతో చెక్కిస్తామా?

ఎక్కడ వెతకాలో నీకు తెలిసే ఉంటుంది. నాజీ బాధితుల రికార్డులుండే ఆరోల్సెన్ ఆర్కైవ్స్, నాజీలు చంపిన యూదుల స్మారకంగా జెరూసలేంలో ఉన్న యాద్ వషెమ్, జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ వాళ్ల స్మృతి గ్రంథం, పోట్స్‌డామ్‌లోని బ్రాండెన్‌బుర్గ్ ఆర్కైవ్స్. ఇందులో పెద్ద విద్యేం లేదు. పేరు దొరికాకే అసలు జాగ్రత్త కావాలి.

నానమ్మకి వరసకు అన్న ఒకాయన ఉండేవాడు. యుద్ధం అయ్యాక ఏదో జాబితాలో నానమ్మ వాళ్ల నాన్న పేరు కనబడింది: ఇంటిపేరు, పెట్టినపేరు రెండూ అవే. చెక్ దేశంలో నాజీలు యూదుల్ని బంధించిన టెరెజీన్ గెట్టోలో చనిపోయినట్టు తేదీ కూడా ఉంది. ఆ అన్న ఇంకేం చూడలేదు. చనిపోయినవాళ్ల గురించి బంధువులు నింపే సాక్ష్య పత్రం యాద్ వషెమ్‌కి పంపేశాడు, చుట్టాలందరికీ ఉత్తరాలు రాసేశాడు. నాజీల నుంచి కాపాడటానికి యూదు పిల్లల్ని పంపేసిన రైలెక్కి ఇంగ్లండ్ వచ్చేనాటికి నానమ్మకి ఐదేళ్లు. పెద్దవాడు చెప్పాడు కదా అని నమ్మింది. మా పెళ్లయిన కొత్తల్లో కూడా ఆ తేదీకే దీపం పెట్టేది.

చాలా ఏళ్లకి బెర్లిన్ నుంచి వాళ్ల అమ్మానాన్నల పెళ్లి సర్టిఫికెట్ తెప్పించాం. ఆయన పుట్టింది 1899లో. టెరెజీన్ ఆయనేమో 1871లో పుట్టాడు. అసలు ఆ గెట్టోకి జర్మనీ నుంచి ఎక్కువగా పంపింది అరవై ఐదు దాటినవాళ్లని. నలభై రెండేళ్ల మనిషి అక్కడెందుకుంటాడని ఆ అన్నకి తట్టనే లేదు. నానమ్మ దగ్గర రెడ్‌క్రాస్ ద్వారా వచ్చిన ఉత్తరం ఒకటుంది, 25 మాటలకు మించి రాయనివ్వని రకం. దాని మీది అడ్రసు పట్టుకుని వెతికితే 1941 నవంబర్ 17న బెర్లిన్ నుంచి కదిలిన రైలు జాబితాలో ఇద్దరూ దొరికారు. అదే అడ్రసు, అదే పుట్టిన తేదీ. రీగాకు పంపాలనుకున్న ఐదు రైళ్లని లిథువేనియాలోని కౌనాస్‌కి మళ్లించారు, అందులో ఇదొకటి. నవంబర్ 25న అక్కడి తొమ్మిదో కోట అనే పాత కోట దగ్గర ఆ రైల్లో వచ్చినవాళ్లని కాల్చేశారు.

యాద్ వషెమ్‌కి దిద్దుబాటు పంపాం. కానీ ఆన్‌లైన్‌లో ఒకరి నుంచి ఒకరు కాపీ కొట్టుకున్న వంశవృక్షాల్లో ఆయన ఇప్పటికీ టెరెజీన్‌లోనే చనిపోతున్నాడు. కాబట్టి ఆ సైట్లలో 'మీ బంధువు దొరికారు' అని వస్తే గబుక్కున నొక్కకు. పేరు, పుట్టిన తేదీ, అడ్రసు: మూడూ కలిస్తేనే మనవాళ్లు. బతికున్నవాళ్ల వివరాలు, ముఖ్యంగా మీ చెల్లివి, అందులో పెట్టావంటే ఊరుకోను.

ఆ టెరెజీన్ ముసలాయన దీపం నానమ్మ మానలేదు. "ఇన్నేళ్లు పెట్టి ఇప్పుడు ఆపేస్తే ఏమనుకుంటాడు పాపం" అనేది. ఇప్పుడు నేను పెడుతున్నా.

జాబితాలో ఉన్న అడ్రసే రాయికి పనికొస్తుందనుకోకు. చివరి రోజుల్లో యూదుల్ని ఇళ్లు ఖాళీ చేయించి, ఒక్కో ఇంట్లో నాలుగేసి కుటుంబాల్ని కుక్కారు. వాళ్లంతట వాళ్లు ఎంచుకుని ఉన్న చివరి ఇంటి ముందే రాయి వేస్తారు. పాత బెర్లిన్ అడ్రసు పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఏడాది ఏడాదీ చూడు.

పాస్‌పోర్ట్ కోసమే ఇదంతా అని మీ పిన్ని అన్నదట. పట్టించుకోకు. నాజీలు లాగేసిన పౌరసత్వాన్ని వారసులు తిరిగి అడిగే హక్కు జర్మనీ రాజ్యాంగంలోనే ఉంది, 116వ అధికరణం. అడుగుతావో మానతావో నీ ఇష్టం.

పోట్స్‌డామ్ ఆర్కైవ్స్‌లోని వాళ్ల ఆస్తి ఫైలు మాత్రం అర్ధరాత్రి ఒక్కదానివే ఫోన్లో తెరవకు. రైలెక్కించే ముందు ఇంట్లో సామానంతా 16 పేజీల ఫారంలో వాళ్ల చేతే రాయించారు, తర్వాత స్వాధీనం చేసుకోవడానికి. కుర్చీలు, కర్టెన్లు, దిండు గలీబులు, అన్నీ లెక్కే. నానమ్మ వాళ్ల నాన్న గుండ్రటి అక్షరాలతో ఒక గడిలో 'పిల్లల మంచం, 1' అని రాశాడు. అప్పటికి పిల్లని పంపేసి రెండేళ్లు దాటింది. ఆ పేజీ దగ్గర నానమ్మ కళ్లజోడు తీసేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఫైలు అడగలేదు.

దీపానికి ఇంగ్లీషు తేదీ చూడకు. యూదులకీ మనలాగే తిథి ఉంటుంది. ఆ నవంబర్ 25 వాళ్ల పంచాంగంలో కిస్లేవ్ నెల ఐదో రోజు. ముందురోజు పొద్దుగూకగానే వెలిగించాలి. చనిపోయిన రోజు తెలియనివాళ్లకి తెవేత్ నెల పదోనాడు ప్రార్థన చేస్తారు, మనం మహాలయ అమావాస్య నాడు చేసినట్టు.

కౌనాస్ ఈసారి వద్దు. అక్కడికి ఒంటరిగా వెళ్లనివ్వను. మీ నాన్నని తీసుకెళ్లు, వాడికీ వెళ్లాలనే ఉంది, అడగడు. రాతి మీది మాటలు ఖరారు చేసేముందు నాకు పంపు, నా దగ్గరున్న సర్టిఫికెట్లతో సరిచూసి చెప్తాను. ఏప్రిల్‌లో కూడా అక్కడ చలే. హైదరాబాద్ స్వెటర్ సరిపోదు, మంచి కోటు కొనుక్కో.

మీ తాతయ్య