మైదానం అంచున మైకు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది అనంతపురం. పద్దెనిమిదేళ్లుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాము. మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరంలో ఉంది, కాలేజీ జట్టులో ఫుట్‌బాల్ ఆడుతుంది. టీవీలో మ్యాచ్ జరుగుతుండగా మైదానం పక్కన నిలబడి మాట్లాడే సైడ్‌లైన్ రిపోర్టర్‌ను అవుతానని పట్టుబట్టింది. అది ముఖం చూసి ఇచ్చే పని అని మా వారు కొట్టిపారేస్తున్నారు. మన వాళ్లకు ఫుట్‌బాల్‌తో ఏం సంబంధం అని మా అత్తగారి ప్రశ్న. నాకేమో రాత్రి ప్రయాణాలు, ఊరూరా హోటళ్లు అంటే భయం. దీన్ని ఉద్యోగం అనుకోవచ్చా?
– ఒక తల్లి, మారతహళ్ళి

సమాధానం: అమ్మా, ముందు మీ అత్తగారికి చెప్పండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినప్పుడు ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం.

ఇక మీ వారి మాట. నేను ఈ పనిలో ఉన్నన్నాళ్లూ బంధువుల పెళ్లిళ్లలో ఆ మాట వింటూనే ఉన్నాను. ముఖం చూసి పిలిచేవారు లేరని అనను. అయితే అలా పిలిచినవారు కూడా రెండో సీజనుకు మళ్లీ పిలిచేముందు ఆ మనిషి మొదటి సీజనులో ఏం కబురు తెచ్చిందో గుర్తు చేసుకుంటారు. వ్యాఖ్యాతలు పైన గదిలో కూర్చుని బంతిని చూస్తుంటారు కాబట్టి, బంతి లేని చోట ఏం జరుగుతోందో చూడడానికి ఒక మనిషిని కింద నిలబెడతారు. కోచ్ ఎవరిని పిలిచి చెవిలో ఏం చెప్పాడు, బెంచీ మీద ఎవరు లేచి ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు, కుంటుతూ బయటికి వచ్చిన ఆటగాడు ఏ కాలు పట్టుకున్నాడు, కూర్చున్నాక బూటు విప్పేశాడా లేదా అన్నవి గమనించి, అడిగినప్పుడు ఇరవై ముప్పై సెకన్లలో చెప్పడమే ఆ పని.

సైడ్‌లైన్ రిపోర్టర్ అన్న పేరు మనం ఆడే ఫుట్‌బాల్‌ది కాదు, హెల్మెట్లు పెట్టుకుని, బంతిని చేతుల్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌ది. 1974లో అక్కడి ఏబీసీ టీవీ సంస్థ కాలేజీ మ్యాచ్‌ల కోసం దేశమంతటా వెతికి, కాలేజీ వయసు కుర్రవాడైన జిమ్ లాంప్లీ వంటి వారిని మైదానం అంచున నిలబెట్టింది. ఆ ఆటలో బయటికి వెళ్లిన ఆటగాడు మళ్లీ లోపలికి రావచ్చు కాబట్టి గాయపడినవాడు తిరిగి వస్తాడా రాడా అన్నదే పెద్ద వార్త అవుతుంది. అతని హెల్మెట్‌ను వైద్య సిబ్బంది తీసి పక్కన పెట్టేశారంటే అనుభవమున్న రిపోర్టరుకు సగం సమాధానం దొరికినట్లే. మన ఫుట్‌బాల్‌లో మార్చిన ఆటగాడు తిరిగి రాడు, అందువల్ల ఇక్కడ కళ్లన్నీ ఆటగాళ్ల మార్పును చూపించే నాలుగో రిఫరీ చేతిలోని పలక మీద, లోపలికి దిగడానికి బిబ్ (జెర్సీ మీద వేసుకునే రంగు బనియను) విప్పుతున్న ఆటగాడి మీద ఉంటాయి.

దీన్ని ఉద్యోగం అనుకోవచ్చా అని అడిగారు కనుక అమెరికన్ రిపోర్టర్ లెస్లీ విసర్ సంగతి చెబుతాను. ఆవిడ 1976లో బోస్టన్ గ్లోబ్ పత్రికకు ఎన్ఎఫ్ఎల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగులోని ఒక జట్టు వార్తలు రాయడంతో మొదలుపెట్టి, తర్వాత టీవీకి వచ్చి, 1995లో ఆ లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్ సైడ్‌లైన్ నుంచి వార్తలు చెప్పిన తొలి మహిళ అయ్యారు. 2006లో ప్రొ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ గుర్తింపు దక్కిన తొలి మహిళ కూడా ఆవిడే. వరస గమనించండి: ముందు రాత, పరిచయాలు, నమ్మకం, ఆ తర్వాతే కెమెరా. మీ అమ్మాయి ఈ వరస తిరగేయాలని చూస్తే మాత్రం నేనూ మీ వారి పక్షమే.

ఇక్కడి ఉదాహరణ ఒకటి చెబుతాను. 2023 మార్చి 3న మన కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నాకౌట్ మ్యాచ్ అదనపు సమయంలోకి వెళ్లింది. కేరళ ఆటగాళ్లు బంతికి అడ్డంగా గోడలా వరుస కట్టుకోకముందే సునీల్ ఛెత్రీ ఫ్రీకిక్‌ను గోల్‌లోకి పంపాడు. కేరళ కోచ్ తన ఆటగాళ్లను మైదానం బయటికి పిలిచేశాడు, వాళ్లు మళ్లీ రాలేదు, మ్యాచ్ బెంగళూరుకు దక్కింది. తర్వాత ఆ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా పడింది. అలాంటి క్షణంలో గీత పక్కన నిలబడినవారికి ఏం తెలిసి ఉండాలి? రిఫరీ ఆగమని సైగ చేసి ఉంటే ఈల కోసం ఆగాలి, చేయకపోతే ప్రత్యర్థులు 9.15 మీటర్ల దూరం వెళ్లేదాకా ఆగనక్కరలేదు అన్న నియమం నాలుక చివర ఉండాలి. "రిఫరీ సైగ చేయడం నేను చూశాను", "చూడలేదు, కేరళ బెంచీ అలా అంటోంది" అన్న రెండింటికీ తేడా పాటించే నిజాయతీ ఉండాలి. స్టేడియమంతా అరుస్తుంటే గొంతు పెంచకుండా ఆ ముక్క చెప్పగలగాలి.

ఆ నిజాయతీ గురించి ఇంకొక మాట. 2023లోనే అమెరికాలో పేరున్న ఒక యాంకర్, తాను సైడ్‌లైన్ పని చేసిన రోజుల్లో విరామంలో కోచ్ మాట్లాడకుండా వెళ్లిపోతే కొన్నిసార్లు సొంతంగా అల్లి చెప్పానని నోరు జారితే, మిగతా సైడ్‌లైన్ రిపోర్టర్లు మండిపడ్డారు. వారి కోపం న్యాయమైనదే. కోచ్ మాట్లాడకపోతే మాట్లాడలేదని చెప్పడానికి అయిదు సెకన్లు చాలు.

నా తొలి సీజనులో జరిగినది చెబితే మీ అమ్మాయికి పనికొస్తుందేమో. విరామంలో కోచ్‌ను ఆపి, రక్షణ వరుస గురించి, గాయపడిన మిడ్‌ఫీల్డర్ గురించి, వాన గురించి మూడింటినీ కలిపి ఒకే ప్రశ్నగా అడిగాను. ఆయన మర్యాదగా అంతా విని, "అవును" అని ఒక్క మాటతో సరిపెట్టి లోపలికి వెళ్లిపోయారు. చెవిలో ప్రొడ్యూసర్ ఇంకా ఇరవై రెండు సెకన్లు ఉన్నాయంటున్నారు, కెమెరా నా ముఖం మీదే ఉంది. ఆ రోజు నుంచి నా ప్రశ్న పది మాటలు దాటలేదు. అవును, కాదు అని తప్పించుకునే వీలున్న ప్రశ్న కూడా అడగలేదు. ఎదుటివారి జవాబు ఒక చెవితో, ప్రొడ్యూసర్ లెక్కపెట్టే అంకెలు రెండో చెవితో వినడం అభ్యాసంతో వస్తుంది. ఇంట్లో ఒక చెవికి రేడియో వార్తలు పెట్టుకుని, మీరు ఆ రోజు ఏం వండారో చెబుతుంటే వినమనండి; నెల తర్వాత కూరలో పోపు దినుసులతో సహా తిరిగి చెప్పగలిగితే దారిలో పడినట్లే.

మీ భయం నిరాధారం కాదు. 2008లో ఎరిన్ ఆండ్రూస్ అనే అమెరికన్ రిపోర్టరును ఒక వ్యక్తి హోటల్లో ఆమె పక్క గది అడిగి తీసుకుని రహస్యంగా చిత్రీకరించాడు; 2016లో జ్యూరీ ఆమెకు 5.5 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని తేల్చింది. కాబట్టి గది నంబరు రిసెప్షన్‌లో పైకి చదవనివ్వకూడదు, మ్యాచ్ అయ్యాక యూనిట్ వాహనంలోనే తిరిగి రావాలి, ఈ రెండూ ఒప్పందంలోనే రాయించుకోవాలి. అడగడానికి మొహమాటపడే పిల్ల అయితే ముందు ఆ మొహమాటం వదిలించండి.

డబ్బు విషయం సూటిగా చెబుతాను. ఎక్కువ మందికి మ్యాచ్ లెక్కన చెల్లింపు, సీజను లేని నెలల్లో రాబడి ఉండదు. 2025లో లీగ్ హక్కుల ఒప్పందం తేలక ఐఎస్ఎల్ సమయానికి మొదలుకాకపోవడంతో ఆ లీగునే నమ్ముకున్నవారు ఖాళీగా కూర్చున్నారు. బీకాం పూర్తి చేయనివ్వండి. దానితోపాటు వార్త రాయడమో, ఎడిటింగో చేతిలో ఉంటే ఆ ఖాళీ నెలలు గడుస్తాయి.

ప్రశ్న: నాకు ఇరవై నాలుగేళ్లు. ఎలక్ట్రానిక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. జర్నలిజం కోర్సు చేయకుండా ఈ రంగంలోకి రావచ్చా?
– ఒక పాఠకుడు

సమాధానం: రావచ్చు. కోర్సు చేస్తే పరిచయాలు త్వరగా దొరుకుతాయి, అంతే. ఉద్యోగం మానకండి; వారానికి ఒక సాయంత్రం అశోక్‌నగర్‌లోని బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియానికి వెళ్లి స్థానిక లీగ్ మ్యాచ్ చూడండి. అక్కడ కోచ్‌ను పలకరించడానికి పాస్ అక్కరలేదు, మర్యాద చాలు. పీలే విగ్రహం పెట్టుకున్న హలసూరు గౌతమపురకూ ఒకసారి వెళ్లి, అక్కడి పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఆట గురించి వినండి. ప్రతి మ్యాచ్ తర్వాత ముప్పై సెకన్ల కబురు ఫోన్‌లో రికార్డు చేసి, అందులో స్కోరు చూసి ఎవరైనా చెప్పగలిగే వాక్యాలన్నీ కొట్టేయండి. మొదటి నెల ఏమీ మిగలదు. టెస్టింగ్ చేసేవారికి తప్పు పట్టుకునే అలవాటు ఉంటుంది కాబట్టి మీకు ఇతరులకంటే త్వరగా అర్థమవుతుందని నా నమ్మకం.

ప్రశ్న: ఈ పనిలో తెలుగుకు చోటు ఉందా?
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, రామమూర్తి నగర్

సమాధానం: 2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానల్ వచ్చాక క్రికెట్‌లో, కబడ్డీలో ఉంది, ఫుట్‌బాల్‌లో తక్కువ. అయితే బెంగళూరు తెలుగు పిల్లలకు కన్నడం, ఇంగ్లిషు, వచ్చీరాని హిందీ ఎలాగూ ఉంటాయి, అది ఈ పనిలో పెద్ద ఆస్తి. ఆఫ్‌సైడ్‌ను, పెనాల్టీని తెలుగు చేయాలని ప్రయాసపడకుండా వాక్యం తెలుగుగా ఉంటే చాలు. మన లిపితో మరొక లాభం ఉందండి. మిజోరం, మణిపూర్ ఆటగాళ్ల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో చూసి చదివితే నోరు తిరగదు. నేను మ్యాచ్‌కు ముందు రోజు జట్టు మీడియా మేనేజర్ చేత ఒక్కొక్క పేరూ పలికించుకుని, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకునేదాన్ని. "ఛాంగ్తే" అని నా నోటుపుస్తకంలో ఉన్నది చూసి మా కెమెరామన్, ఇదేం రహస్య లిపి అని అడిగారు.