ఏఐతో ఇంగ్లిష్ దిద్దించుకుంటే పీహెచ్‌డీ రద్దవుతుందా?

ప్రశ్న: తార్నాకలో ఉంటూ సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. లాడ్ బజార్‌కు లక్క గాజులు చేసిచ్చే ఆడవాళ్ల మీద నా థీసిస్. తెలుగు మీడియం దాన్ని కాబట్టి ఇంగ్లిష్ దిద్దడానికి చాట్‌జీపీటీ వాడాను. ఇంటర్వ్యూల రికార్డింగులు కూడా ఒక ఏఐ యాప్‌కి ఇచ్చి టైపు చేయించాను. సిమిలారిటీ, అంటే ఇతరుల రచనతో పోలిక, 8 శాతమే. కానీ ఏఐ రాసిందా అని పసిగట్టే ఏఐ డిటెక్టర్‌లో 62 శాతం వచ్చింది. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దేనంటూ గైడ్ సంతకం పెట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: భయపడకండమ్మా. మీ గైడ్ గారు రెండు లెక్కలు కలిపేశారు. యూజీసీ 2018 నిబంధనల్లోని శాతాలు ఇతరుల రచనతో పోలికకు సంబంధించినవి. 10 లోపు శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, అందుకు గడువు 6 నెలలకు మించదు. 60 దాటితేనే రద్దు. మీది 8. ఆ నిబంధనల్లో ఏఐ ఊసే లేదు. చాట్‌జీపీటీ వచ్చిందే 2022 నవంబరులో. పైగా డిటెక్టర్ చెప్పేది అంచనా మాత్రమే. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ ఖాతాలో పడ్డాయి.

అయితే థీసిస్‌తో పాటు, ఇది నా సొంత రచనేనని మీరొక హామీపత్రం ఇస్తారు. మీ వాక్యాన్ని దిద్దించుకుంటే ఆ మాట నిలుస్తుంది. చాప్టరే రాయించుకుంటే నిలవదు. కాబట్టి ఏ పనికి ఏ టూల్ వాడారో థీసిస్‌లోనే ఒక పేరాలో రాయండి. ఏఐ మీద మీ యూనివర్సిటీ విడిగా సర్క్యులర్ ఇచ్చిందేమో చూడండి. ఫీల్డ్ నోట్‌బుక్కులు, దిద్దుబాట్లున్న పాత డ్రాఫ్టులు, చాట్ హిస్టరీ జాగ్రత్త చేయండి. అవే మీ సాక్ష్యం. వాటిని జతచేసి గైడ్‌కు లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆరోపణే వస్తే డిపార్ట్‌మెంట్ ప్యానెల్ మీ వాదన వినకుండా తేల్చకూడదు. హైకోర్టులో రిట్ ఆఖరి మెట్టు.

ఏఐ చూపిన రెఫరెన్సులుంటే ఒక్కొక్కటీ తెరిచి చదవండి. అసలు లేని తీర్పులను ఉదహరిస్తూ 2024 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వును బెంగళూరు ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ తానే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం ఆ రికార్డింగుల సంగతి. గాజుల బట్టీ దగ్గర కూర్చుని డజనుకు ఎంత మిగులుతుందో, సేఠ్‌కు ఎంత బాకీ ఉందో ఆ తల్లి మీకు చెప్పింది, కంపెనీ సర్వర్‌కు కాదు. 2023 డేటా రక్షణ చట్టం పరిశోధనకు వెసులుబాటు ఇచ్చింది కానీ, నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తేనే. ముందు ఆ ఫైళ్లు యాప్‌లోంచి తొలగించండి, థీసిస్‌లో పేర్లు మార్చండి. తర్వాత వాళ్ల దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పి, వాళ్ల మాటలు వాడుకోవడానికి మళ్లీ అనుమతి అడగండి. ఎవరైనా వద్దంటే ఆ ఇంటర్వ్యూ తీసేయండి.