మల్లెకు విశ్రాంతి, చామంతికి చీకటి

ప్రశ్న: డాబా మీద ముప్పై దాకా కుండీల్లో పూలమొక్కలు పెంచుతున్నాను. పేడ ఎరువు, కంపోస్టు, బియ్యం కడుగు, దేనికీ లోటు చేయలేదు. మల్లె గుబురుగా ఆకు వేసింది తప్ప ఎండాకాలం సరిగా పూయలేదు. వచ్చిన కాసిని మొగ్గలూ ఊదారంగుకు తిరిగి రాలాయి. చామంతి మోకాలెత్తు పెరిగింది కానీ మొగ్గ లేదు. మందారానికి తెల్లపిండి పట్టింది. గులాబీలు కొన్న నెలకే ఎండిపోతున్నాయి. పూసిన నాలుగు మందారాలూ కోతుల పాలు. పూలు కొనుక్కోవడమే నయమనిపిస్తోంది. – ఒక గృహిణి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: డబ్బు లెక్క చూస్తే కొనుక్కోవడమే నయమమ్మా. గుడిమల్కాపూర్ మార్కెట్ ధరతో డాబా మీది మల్లె ఏనాడూ పోటీ పడలేదు. అయినా ముప్పై కుండీలు పెట్టారంటే మీరు లెక్క కోసం పెట్టలేదని అర్థమవుతోంది. మీరు రాసిన కష్టాల్లో సగం మొక్కల్ని అతిగా గారాబం చేయడం వల్ల వచ్చినవే. కాబట్టి కొత్తగా కొనాల్సిన మందులు తక్కువ, మానాల్సిన పనులు ఎక్కువ.

ముందు మల్లె సంగతి. మల్లె కొత్త చిగురు చివరనే మొగ్గ తొడుగుతుంది. ఏడాది పొడవునా నీళ్లు, ఎరువు అందుతుంటే ఆకు వేసుకుంటూ తీగ సాగుతుందే తప్ప పూత మీదికి రాదు. మల్లెతోటల రైతులు చలికాలంలో నీళ్లు ఆపి తోటను ఎండగడతారు. కొన్నిచోట్ల గొర్రెల్ని, మేకల్ని తోలి ఆకంతా మేపిస్తారు. డాబా మీదికి మేకను ఎక్కించలేం కాబట్టి ఆ పని మీరే చేయాలి. ఇప్పుడు నవంబరు మొదటి వారం. ఇవాళ్టి నుంచే ఎరువు మానేయండి, నీళ్లు బాగా తగ్గించండి. తోటలోలాగా పూర్తిగా ఆపితే కుండీలో వేరు చచ్చిపోతుంది. మట్టి బాగా ఎండాక ఒక చెంబెడు పోస్తే చాలు. ఆకు పండుబారి రాలుతుంటే టెన్షన్ పడొద్దు, మనకు కావాల్సింది అదే. డిసెంబరు చివర్లో మిగిలిన ఆకు దూసేసి, ఎండుపుల్లలు తీసేసి, కొమ్మల్ని మొదలు నుంచి అడుగు, అడుగున్నర ఎత్తులో కత్తిరించండి. పైమట్టి రెండంగుళాలు తీసేసి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి, అప్పుడు నిండుగా నీళ్లు పెట్టండి. ఆ తర్వాత వచ్చే చిగుళ్లతో పాటే మొగ్గలూ కనిపిస్తాయి. కుండీకి రోజూ ఐదారు గంటల ఎండ తగలకపోతే మాత్రం ఎంత కత్తిరించినా లాభం లేదు.

ఊదారంగు మొగ్గ కనిపిస్తే ఒకటి కోసి గోటితో చీల్చి చూడండి. అడుగు భాగం ఉబ్బి, లోపల సన్నటి పిల్లపురుగులు ఉంటే అది మొగ్గ ఈగ పని. మొగ్గకు రంధ్రం, కాస్త గూడు ఉంటే మొగ్గ తొలిచే పురుగు. మొగ్గ ఈగ కోశస్థ దశ (పురుగు ఈగగా మారే దశ) మట్టిలోనే గడుస్తుంది. రాలిన మొగ్గల్ని కుండీలోనే వదిలేస్తే మళ్లీ అదే కథ. రోజూ ఏరి సబ్బు నీళ్లలో వేయండి, పైమట్టిని అప్పుడప్పుడు గుల్ల చేయండి. కుండీల్లోని మల్లెకు ఇంతకు మించి ఘాటు మందులు అక్కర్లేదు.

చామంతి గురించి మిమ్మల్నే ఒకటి అడుగుతాను. మీ డాబాకు దగ్గర్లో వీధి దీపం ఉందా? లేకపోతే మెట్ల గది లైటు రాత్రంతా వెలుగుతుందా? చామంతికి పగలు తగ్గి రాత్రి పెరిగితేనే మొగ్గ పుడుతుంది. అది కూడా తెగని చీకటి కావాలి. మధ్యలో వెలుగు పడితే ఇంకా వేసవే అనుకుని ఆకు వేస్తూ పోతుంది. చామంతి సాగు చేసేవాళ్లు పూత ఆలస్యం కావాలనుకున్నప్పుడు చేలో రాత్రిపూట బల్బులు వెలిగించేది ఇందుకే. మీకు ఆ సేవ ఉచితంగా అందుతున్నట్టుంది! కుండీలను నీళ్ల ట్యాంకు వెనక, పగలు ఎండ తగిలి రాత్రి వెలుగు పడని చోటికి మార్చండి. వీలు కాకపోతే సాయంత్రం ఆరింటి నుంచి పొద్దున ఆరింటి దాకా మందపాటి నల్లగుడ్డ కప్పండి. మొగ్గల్లో రంగు కనిపించేదాకా ఒక్కరాత్రి కూడా మానొద్దు. ఇప్పుడు మొదలుపెడితే జనవరిలో పూలు చూడొచ్చు. వచ్చే ఏడాది జూన్, జూలైలో పిలకలు నాటి, నెలకు తలలు తుంచితే మోకాలెత్తు ఒంటికాడ బదులు గుబురుగా వస్తుంది. బతుకమ్మకు బంతి కూడా కావాలనుకుంటే జూలై మొదట్లోనే విత్తనం వేసుకోండి.

మందారం మీది తెల్లపిండి నిజానికి పిండినల్లి అనే పురుగు. ముడుచుకుపోయిన కొసల్ని కత్తిరించి కవర్లో కట్టి పారేయండి. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగున కూడా తడిసేలా పిచికారీ చేయండి. వారం, పది రోజులకు మళ్లీ కొట్టండి. చీమల్ని వదిలేస్తే ఈ శ్రమంతా వృథా. పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం అవే దాన్ని కాపాడుతూ కొమ్మకొమ్మకూ చేరుస్తాయి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవ ఉంచే అలవాటుంటే మానండి. డెంగీ దోమకు అంతకంటే మంచి చోటు దొరకదు.

గులాబీ కొనగానే వేళ్ల చుట్టూ ఉన్న మట్టిముద్దను నొక్కి చూడండి. చాలాసార్లు అది గట్టి బంకమట్టి. దాన్ని అలాగే కోకోపీట్ (కొబ్బరిపొట్టు) మట్టిలో పెడితే పోసిన నీళ్లు చుట్టూ జారిపోతాయి, ముద్ద లోపల వేరు ఎండుతుంది. బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, అంచుల మట్టిని మెల్లగా వదులు చేసి నాటండి. అంటు భాగం మట్టి పైనే ఉండాలి. దాని కింద నుంచి జోరుగా లేచే రెమ్మ నాటు మొక్కది, మొదట్లోనే పీకేయండి. బతికి ఉన్న గులాబీలను ఈ వారంలోపు కత్తిరించవచ్చు.

మీరు బోరు నీళ్లు పోస్తుంటే లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగలొచ్చు. అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు చల్లండి. ఎన్ని చేసినా తేరుకోని మొక్క ఉంటే, తెగులున్న కొమ్మను కాగితంలో చుట్టి రాజేంద్రనగర్‌లోని పూల పరిశోధన స్థానానికి తీసుకెళ్లి చూపించండి. పాలిథిన్ కవర్లో పెడితే చెమర్చి కుళ్లిపోతుంది.

ఇక కోతులు. వాటికి పిచికారీ మందు లేదు. వల కట్టడం ఒక్కటే గట్టి దారి, అది కాస్త ఖర్చు. ఈలోగా పూజకు ఇబ్బంది లేకుండా ఒక పని చేయండి. మర్నాడు విచ్చే మందార మొగ్గ ముందు సాయంత్రమే పొడవుగా సాగి, కొసన రంగు బయటపెడుతుంది. దాన్ని అప్పుడే కోసి తడిగుడ్డ మీద ఇంట్లో పెట్టుకుంటే పొద్దుటికి విచ్చుకుంటుంది.