పెట్రోలు బండితో ఎడారి దాటే ముందు

చి. ల. సౌ. వసుధకు పెదనాన్న దీవించి వ్రాయునది.

మీరిద్దరూ మెల్‌బోర్న్‌లో పెద్ద పెట్రోలు ఫోర్ వీల్ డ్రైవ్ ఒకటి చూసి వచ్చారనీ, వచ్చే జూలైలో బాబును కూడా తీసుకుని సింప్సన్ ఎడారి దాటాలని అనుకుంటున్నారనీ, అది సవ్యంగా జరిగితే ఆ మరుసటి ఏడాది పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒకప్పుడు పశువులను తోలిన కానింగ్ స్టాక్ రూట్ అనే దారి కూడా చేయాలని ఉన్నదనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నా మాట నువ్వు వింటావనే నమ్మకంతో, వద్దని చెప్పమని నన్ను బతిమాలాడు. నేను వద్దని చెప్పను. కొత్తగూడెంలో ఎవరికీ చెప్పకుండా నా స్కూటర్ తీసుకుని కిన్నెరసాని దాకా వెళ్లి వచ్చిన పిల్ల ఈ దేశపు నడిబొడ్డు చూడాలనుకోవడంలో నాకు వింత లేదు. మనసులో ఎంతో గర్వంగానే ఉన్నది. అయితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టని మాట కూడా నిజమే కనుక, పశ్చిమ ఆస్ట్రేలియా గనుల కోసం ఏళ్ల తరబడి ఈ ఎర్రమట్టిలో తిరిగిన మనిషిగా నాకు తెలిసినది వ్రాస్తున్నాను.

పెట్రోలు బండి కొనవద్దని నీకు చాలామంది చెబుతారు. ఎడారికి డీజిలే సరైనదనే మాట ఇక్కడ తరతరాలుగా ఉన్నది, దానికి కారణాలూ ఉన్నాయి. అయినా నీ ఆలోచన తప్పని నేను అనను. నువ్వు చూసిన నిస్సాన్ ప్యాట్రోల్ వై62లో 5.6 లీటర్ల వీ8 ఇంజను ఉన్నది; 298 కిలోవాట్ల శక్తి, 560 న్యూటన్ మీటర్ల టార్కు. టర్బో లేదు, ఈ కాలపు డీజిల్ బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టి కాల్చే ఫిల్టరు పెట్టే తలనొప్పి లేదు, నీళ్లు కలిసిన డీజిల్ పడితే వేల డాలర్ల ఇంజెక్టర్లు పోతాయనే భయం లేదు. ఎత్తైన దిబ్బ ఎక్కేటప్పుడు ఆ ఇంజను తడబడకుండా లాగే తీరు నేను స్వయంగా చూశాను. ల్యాండ్ క్రూయిజర్ 300 ఈ దేశానికి 2021లో డీజిల్‌తోనే వచ్చింది, దాని ధర కూడా ఎక్కువే. కనుక పెట్రోలు అనే నిర్ణయం మీద నాకు పేచీ లేదు. నా పేచీ అంతా మీరు నిర్ణయించిన వరుస మీద. మీరు ముందు ఇంజను చూశారు, తర్వాత సీట్లు చూశారు, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, దొరకని చోట దాన్ని ఎందులో మోసుకుపోతాము అన్నది మాత్రం చివరి వారానికి వదిలేశారు. ఎడారికి బండి కొనేవారు ముందుగా ట్యాంకును ఎన్నుకోవాలి, ఆ తర్వాతే బండిని.

కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వేయి. ఆ బండి ట్యాంకు 140 లీటర్లు. కంపెనీవారి కాగితం మీద 100 కిలోమీటర్లకు 14 లీటర్ల చిల్లర అని ఉంటుంది. ఆ అంకెను నమ్మితే దాదాపు 970 కిలోమీటర్లు పోవచ్చు. కానీ ఆ అంకె ఇసుకలో పుట్టినది కాదు. నీళ్లు, సరుకులు, ముగ్గురు మనుషులు, రెండు స్టెప్నీలు ఎక్కించి, టైర్లలో గాలి తగ్గించి, నెమ్మదిగా బలంగా లాగే లో రేంజి గేర్లలో దిబ్బ తర్వాత దిబ్బ ఎక్కుతూ పోతే పెద్ద పెట్రోలు ఇంజను 100 కిలోమీటర్లకు 25 నుంచి 30 లీటర్లు తాగుతుంది. మౌంట్ డేర్ నుంచి డాల్‌హౌసీ వేడినీటి ఊటల మీదుగా ఫ్రెంచ్ లైన్ అనే దారి పట్టుకుని బర్డ్స్‌విల్ చేరడానికి 500 కిలోమీటర్లు దాటుతుంది, మధ్యలో 1,100కు పైగా దిబ్బలు ఉంటాయి, చుక్క పెట్రోలు దొరకదు. దారి మూసుకుపోయి చుట్టు తిరగవలసి వస్తే 550 అనుకో. 30 చొప్పున 165 లీటర్లు. దాని మీద నాలుగో వంతు చేతిలో ఉంచుకోకుండా నేను ఎవరినీ పంపను. మొత్తం 200 దాటింది. నీ నిండు ట్యాంకు కన్నా 60 లీటర్లకు పైగా ఎక్కువ కావాలి. 1,850 కిలోమీటర్ల పొడవైన కానింగ్ మాటకు వస్తే, విలూనా వదిలాక కునవరిట్జి చేరేదాకా, అంటే ఆ దారి పొడుగునా ఉన్న బావులలో 33వ నంబరు బావి దగ్గరకు వచ్చేదాకా, దారిలో బంకు ఉండదు కనుక ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

దొరికే పెట్రోలు ఎలాంటిది అన్నది రెండో సంగతి. ఆ వీ8కు కంపెనీ 95 ఆక్టేన్ అడుగుతుంది; ఇంజనులో వేళకు ముందే అంటుకోకుండా పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె అది. మధ్య ఆస్ట్రేలియాలోని ఆదివాసీ గ్రామాలలో పిల్లలు పెట్రోలు వాసన పీల్చి ప్రాణాలు పోగొట్టుకుంటూ ఉంటే, ఆ మత్తునిచ్చే పదార్థాలు బాగా తగ్గించిన ఓపల్ అనే పెట్రోలును 2005లో తీసుకువచ్చారు. గొప్ప పని అది, ఎందరినో కాపాడింది. గ్రేట్ సెంట్రల్ రోడ్డు మీద వార్‌బర్టన్, వారకుర్నా లాంటి చోట్ల పెట్రోలు అంటే అదే, దాని ఆక్టేన్ 91. ఇంజనులోని సెన్సరు తేడాను కనిపెట్టి స్పార్కును వెనక్కి జరుపుతుంది, బండి నడుస్తుంది. కానీ బలం కొంత తగ్గుతుంది, ఖర్చు కొంత పెరుగుతుంది, వెనుక బరువైన ట్రైలర్ కట్టి ఎండలో ఏటవాలు ఎక్కించే పని మాత్రం పెట్టుకోకూడదు. కనుక కొనే ముందు ఆ బండి పుస్తకంలో 91 గురించి ఏమి వ్రాశారో చదువు. పాత 100 సిరీస్ పెట్రోలు ల్యాండ్ క్రూయిజర్ ఏదైనా చూస్తున్నట్లయితే దాని ట్యాంకు మూత లోపలి చీటీ కూడా ఇలాగే చదువు. దారిలోని ప్రతి బంకుకూ ముందే ఫోన్ చేసి ఏ పెట్రోలు ఉన్నదో, ఆ వారం సరఫరా వచ్చిందో లేదో అడిగి రాసుకో.

ఇప్పుడు నన్ను కలవరపెట్టిన మాటకు వస్తాను. ఆ అదనపు పెట్రోలును నాలుగు జెర్రీ క్యాన్లలో పోసి, రెండు టాపు మీద, రెండు వెనుక సీటు వెనకాల పెడతామని అన్నావట. వసుధా, ఆ సీటులో కూర్చునేది ఎవరు? డీజిల్ ఆవిరి 60 డిగ్రీలు దాటి వేడెక్కితేగాని అంటుకోదు. పెట్రోలు ఆవిరికి సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా ఒక్క నిప్పురవ్వ చాలు. సింగరేణిలో గనిలోకి దిగే ప్రతి షిఫ్టుకూ ముందు మా జేబులు తడిమి అగ్గిపెట్టె ఉన్నదేమో చూసేవారు. నిప్పంటే నా భయం అక్కడ మొదలై ఈ దేశంలో గట్టిపడింది. గట్టిపడిన సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు, మీ పెద్దమ్మకు కూడా సగమే చెప్పాను.

కాల్గూర్లీలో పని చేసే రోజులలో, ఖనిజాన్వేషణకు లావర్టన్‌కు తూర్పున రెండు బండ్లలో వెళ్లాము. నేను వెనుక బండిలో ఉన్నాను. ముందు బండి నా మిత్రుడిది, అప్పటికి కొత్తది, పెద్ద పెట్రోలు ఇంజను. అతడు నాకన్నా అనుభవశాలి, జాగ్రత్తపరుడు కూడా. ఆ దారి ఏళ్లుగా ఎవరూ పెద్దగా వాడని దారి కావడం వల్ల రెండు చక్రాల జాడల మధ్య స్పినిఫెక్స్ గడ్డి మోకాలెత్తు పెరిగి ఉన్నది. ఆ గడ్డిలో జిగురు ఉంటుంది, ఎండిపోయాక నూనె పోసినట్లే మండుతుంది. బండి పోతూ ఉంటే గడ్డి పరకలు, గింజలు కింద రక్షణ రేకుల మీదా సైలెన్సర్ గొట్టం చుట్టూ చేరి గూడు కడతాయి. పెట్రోలు బండిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వందల డిగ్రీల వేడితో ఆ గూడు పక్కనే ఉంటుంది. అరగంటకు ఒకసారి ఆగి, కింద పడుకుని, ఇనుప కొక్కెంతో ఆ గడ్డి లాగెయ్యాలని మాకు తెలుసు. పొద్దుటి నుంచి అలాగే చేస్తూ వచ్చాము. సాయంత్రం అయింది, మకాం పెట్టవలసిన చోటు దగ్గర పడింది, ఏదో కాలిన వాసన వస్తున్నదని రేడియోలో అతడే చెప్పాడు, చేరాక చూద్దామని కూడా అతడే అన్నాడు. నేను సరేనన్నాను. కొంత దూరం పోయాక మ్యాపు చూసుకోవడానికి ఆగాడు. ఆగినది నేరుగా గడ్డి మీద.

బండి పరుగుకు కింద తగిలే గాలి ఆగిపోయిన మరుక్షణం, అప్పటిదాకా రాజుకుంటున్నది మంటై కింది గడ్డికి అంటుకున్నది. మంటలార్పే సిలిండరు బండిలో ఉన్నది, కానీ సామానుల అడుగున ఉన్నది. తాగే నీళ్లన్నీ వెనుక ఉన్నాయి, వాటి పక్కనే పెట్రోలు క్యాన్లు ఉన్నాయి. అతడు వెనుక తలుపు తెరిచి నీళ్ల డబ్బా కోసం చేయి చాపడం చూసి నేను పరుగెత్తి వెళ్లి భుజం పట్టుకుని వెనక్కి లాగాను. మా బండిని గడ్డి లేని బంక నేల మీదికి వెనక్కి నడిపి, అక్కడి నుంచి నిలబడి చూశాము. క్యాన్లు ఒకటి తర్వాత ఒకటి పేలాయి. చక్రాల అల్యూమినియం కరిగి మట్టి మీదికి కారింది. ఆ రాత్రి మా బండిలో ఉన్న నీళ్లను నలుగురం పంచుకుని తాగాము. మా బండి రేడియో పని చేసింది కనుక మరునాడు మనుషులు వచ్చారు. ఒక్క బండితోనే వెళ్లి ఉంటే నీకు ఈ ఉత్తరం వ్రాసేవాడు ఉండడు.

ఆ మిత్రుడు వాసన వచ్చినప్పుడు ఆగకపోవడం చిన్న తప్పు, అందరికీ సాయంత్రం వేళ అలసట ఉంటుంది. అసలు తప్పు నెలల ముందే, బండి కొన్ననాడే జరిగింది. ఇంజను బలం చూసి కొన్నాడు. ట్యాంకు చాలదని ఆ తర్వాత తెలిసింది. తెలిశాక చేతికి దొరికిన క్యాన్లు కొని, ఖాళీ ఉన్న చోట పెట్టాడు. అందువల్లనే నువ్వు బండి ఖాయం చేసే ముందు మూడు పనులు చేయమంటున్నాను. మొదట, ఆ మోడలుకు బండి కింద బిగించే పెద్ద లాంగ్ రేంజ్ ట్యాంకు దొరుకుతుందో, బిగిస్తే నేల నుంచి ఎత్తు ఎంత తగ్గుతుందో, స్టెప్నీ ఎక్కడికి పోతుందో కనుక్కో; దొరకకపోతే ఆ బండి వదిలేయి, ఎంత నచ్చినా సరే. రెండోది, మెకానిక్ షెడ్డులో బండిని పైకి ఎత్తించి, టార్చి పట్టుకుని నువ్వే కిందికి వెళ్లి, కన్వర్టర్ చుట్టూ గడ్డి ఎక్కడ చేరుతుందో, నీ చేయి అక్కడికి పోతుందో లేదో చూడు. రక్షణ రేకు విప్పడానికి పది బోల్టులు తీయవలసి వస్తే నడిదారిలో ఆ పని ఎవరూ చేయరు, నువ్వూ చేయవు. మూడోది బరువు. 200 లీటర్ల పెట్రోలు సుమారు 150 కిలోలు. దానికి నీళ్లు, మనుషులు, ముందు కట్టించే ఇనుప బంపరు, రెండో స్టెప్నీ కలిపి, బండి మీద వ్రాసిన గరిష్ఠ బరువుతో పోల్చు. పెద్ద బండి కదా ఎంతైనా మోస్తుందని అనుకోవద్దు. పెద్ద బండి తన సొంత బరువే చాలా మోస్తున్నది.

అప్పటికీ ఒకటో రెండో క్యాన్లు తప్పనిసరి అయితే అవి మనుషులు కూర్చునే చోటుకు బయట, వెనుక ఇనుప ఫ్రేములో ఉండాలి. వాటిలోని పెట్రోలును మొదటి రోజే ట్యాంకులోకి వంచేయండి, ఇంజను చల్లారిన తర్వాత, గడ్డి లేని నేల మీద. క్యాను నింపేటప్పుడు నేల మీద పెట్టి నింపాలి. మంటలార్పే సిలిండర్లు రెండు కావాలి, ఒకటి డ్రైవరు చేతికి అందేలా. నీళ్లు, మందులు, ఆపద సంకేతం పంపే పీఎల్‌బీ, శాటిలైట్ ఫోన్ ఒకే సంచిలో తలుపు పక్కన ఉండాలి, బాబును ఎత్తుకుని దిగే చేతికే ఆ సంచి కూడా తగలాలి.

మిగిలినవి నీకు తెలుసు. ఇసుకలో టైర్ల గాలి 16, 18 పీఎస్ఐ దాకా దించాలి. దిబ్బల వాలు చూస్తే పడమటి నుంచి తూర్పుకు పోవడమే తేలిక. ఎదురు వచ్చేవారికి కనిపించేలా జెండా కట్టాలి. ఎండాకాలంలో, అంటే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా, సింప్సన్ ఎడారి పార్కులు మూసే ఉంటాయి.

ఒక్కటి మాత్రం అల్లుడికి నా మాటగా చెప్పు. 1963 డిసెంబరులో బర్డ్స్‌విల్ ట్రాక్ మీద ఒక కుటుంబం దారి తప్పి, పెట్రోలు అయిపోయి, కారు వదిలి నడిచింది. తల్లిదండ్రులు, పిల్లలు, ఐదుగురిలో ఎవరూ దక్కలేదు. పైనుంచి వెతికేవారికి మనిషి కనిపించడు, బండి కనిపిస్తుంది. కనుక బండి కాలుతుంటే తప్ప బండిని వదలకూడదు, కాలుతుంటే మాత్రం దాని నుంచి ఏ వస్తువు కోసమూ మళ్లీ దాని దగ్గరికి పోకూడదు. ఈ రెండూ బాబుకు కూడా అర్థమయ్యేలా ఇంటి దగ్గరే చెప్పి, ఒకసారి చేసి చూపించండి. కోప్పడ్డానని అనుకోకు తల్లీ. వాడు ఎడారిలో ఆకాశం నిండా చుక్కలు చూడాలనే కోరిక నాకు మీ ఇద్దరి కన్నా ఎక్కువగా ఉన్నది.

బండి కింద నుంచి తీసిన ఫోటోలు, ట్యాంకు లెక్క వేసిన కాగితం నాకు పంపు. చూసి జవాబు వ్రాసేదాకా అడ్వాన్సు ఇవ్వవద్దు. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
నీ పెదనాన్న